పాత నెగటివ్‌లు ఇంట్లోనే స్కాన్ చేయాలంటే: డిపిఐ కంటే ముందు చూసుకోవాల్సినవి

మీరు అడిగింది ఇదీ: నాన్నగారు తీసిన నెగటివ్‌లు ఒక పెట్టె నిండా ఉన్నాయి. ఎక్కువ 35 ఎంఎం కలర్, కొన్ని పెద్ద సైజు బ్లాక్ అండ్ వైట్. ఇంట్లో ప్రింటర్‌తో పాటు ఉన్న స్కానర్ మీద పెడితే నల్లటి ముక్కలు తప్ప ఏమీ రాలేదు. బయట ఒకచోట కొన్ని స్కాన్ చేయిస్తే ముఖాలన్నీ నీలంగా వచ్చాయి. ఇప్పుడు 6400 డిపిఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు చదువుతుందో చెప్పే అంకె) అని రాసి ఉన్న స్కానర్ కొనాలా, ఉన్న డిజిటల్ కెమెరాతోనే ఫొటోలు తీసుకోవాలా, పని అయ్యాక నెగటివ్‌లు పారేయొచ్చా అన్నది మీ సందేహం.

రెండు దారుల్లోనూ మంచి ఫలితం వస్తుంది. ఏ దారిలో వెళ్లినా ఒక్కటి మాత్రం పట్టుకోండి. స్కాన్ చేసేటప్పుడు చూడముచ్చటైన ఫొటో కోసం ప్రయత్నించకండి. నెగటివ్‌లో ఉన్నదంతా ఫైల్‌లోకి వచ్చిందా లేదా అన్నదే చూడండి. రంగులు, కాంట్రాస్ట్, షార్ప్‌నెస్ అన్నీ తర్వాత ఎన్నిసార్లయినా సరిచేసుకోవచ్చు. స్కాన్‌లోనే పోయిన వివరాన్ని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. దానికోసం మళ్లీ మొదటి నుంచి స్కాన్ చేయాల్సిందే. ఇంట్లో చేసే స్కాన్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

మామూలు స్కానర్‌లో నల్లగా రావడానికి కారణం చాలా చిన్నది. దాని లైట్ కింద నుంచి పడి, కాగితానికి తగిలి తిరిగొస్తుంది. నెగటివ్‌కి అలా కుదరదు, వెలుతురు దానిలోంచి దూసుకొచ్చి సెన్సర్‌ని చేరాలి. అందుకే ఫిల్మ్ స్కాన్ చేసే ఫ్లాట్‌బెడ్‌లలో (గాజు మీద పరిచి స్కాన్ చేసే రకం) మూతలో కూడా లైట్ ఉంటుంది, దాన్ని ట్రాన్స్‌పరెన్సీ యూనిట్ అంటారు. అది లేని స్కానర్‌లో నెగటివ్ వెనక తెల్లకాగితం పెట్టినా, ఫోన్ స్క్రీన్ పెట్టినా సరైన స్కాన్ రాదు. దానితో కుస్తీ పట్టకండి.

కొనడం గురించి ఆలోచించే ముందు పెట్టె తెరిచి ఒకసారి అన్నీ చూడండి. ఫిల్మ్ అంచున చిన్న అక్షరాలు ఉంటాయి. పాత బ్లాక్ అండ్ వైట్ వాటి మీద 'సేఫ్టీ' అనే మాట కనిపిస్తే భయం లేదు. 1950ల మొదట్లో ఆగిపోయేదాకా కొన్ని ఫిల్ములు నైట్రేట్ బేస్ (బొమ్మ పొరని మోసే ప్లాస్టిక్ పట్టీ) మీద తయారయ్యేవి, అవి చాలా తేలిగ్గా అంటుకుంటాయి. మీ పెట్టెలో అంత పాతవి ఉండి, అంచున ఆ మాట లేకుండా, జిగురుగానో గోధుమ రంగు తిరిగో ఉంటే వాటిని స్కానర్ దగ్గరికి, వేడి దగ్గరికి తీసుకెళ్లకండి. గాలి ఆడే చల్లటి చోట విడిగా పెట్టి, ఫిల్మ్ భద్రపరిచే ఆర్కైవ్ వాళ్లని సంప్రదించండి.

తర్వాత వాసన చూడండి. డబ్బా తెరవగానే వెనిగర్ వాసన ముక్కుకి తగిలితే అసిటేట్ బేస్ విరిగిపోతూ అసిటిక్ ఆమ్లం విడుదల అవుతోందని అర్థం. ఇది మొదలైతే ఆగదు, పైగా ఆ ఆవిరి తగిలిన పక్క ఫిల్ములు కూడా త్వరగా పాడవుతాయి. రోజులు గడిచేకొద్దీ ఫిల్మ్ కుంచించుకుపోయి, మెలి తిరిగి, చివరికి బొమ్మ ఉండే ఎమల్షన్ పొర ముడతలుగా లేచిపోతుంది. కాబట్టి వాసన వచ్చేవాటిని వెంటనే వేరు చేసి, అన్నిటికంటే ముందు వాటినే స్కాన్ చేయండి. ఎంత మంచి ఫొటోలు మిగతా వాటిలో ఉన్నా సరే, వీటికి ఉన్నంత తొందర వాటికి లేదు.

తెల్లటి సాలెగూడులాంటి మచ్చలు ఉంటే అది ఫంగస్. నీళ్లతో కడగాలనిపిస్తుంది, కడగకండి. ఎమల్షన్ అంటే జెలటిన్ పొర. ఫంగస్ తిన్నచోట ఆ జెలటిన్ నీళ్లలో కరిగిపోయే స్థితికి వస్తుంది, కడిగితే మచ్చతో పాటు బొమ్మ కూడా పోతుంది. కవర్‌కి అతుక్కుపోయిన నెగటివ్‌లని కూడా గోటితో లాగి విడదీయకండి. కవర్ పారదర్శకమైనదైతే అలాగే ఉంచి స్కాన్ చేయండి, పూర్తి స్పష్టత రాకపోయినా బొమ్మ దక్కుతుంది.

వేలిముద్రలు, జిడ్డు ఉంటే పెక్-12 లాంటి ఫిల్మ్ క్లీనర్ గానీ, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ మెత్తటి, నూలు రాలని గుడ్డకి కొద్దిగా అద్ది ఒక్క దిశలో తుడవండి. ముందు బొమ్మ లేని చివరి ముక్క మీద పరీక్షించి చూశాకే. మామూలు దుమ్ముకి ఇవేవీ అక్కర్లేదు, చేత్తో నొక్కే బ్లోయర్, యాంటీస్టాటిక్ బ్రష్ చాలు. నోటితో ఊదకండి, తుంపర్లు పడి ఎండిన మరక దుమ్ము కంటే మొండిది. పని మొదలుపెట్టే ముందు ఫ్యాన్ ఆపి, బల్లని తడిగుడ్డతో తుడిచి, స్కానర్ గాజుని రెండు వైపులా చూసుకోండి. ఇక్కడ పది నిమిషాలు పెడితే తర్వాత కంప్యూటర్ ముందు నలుసులు ఏరుకునే గంటలు తప్పుతాయి.

ఇప్పుడు 6400 డిపిఐ సంగతి. పెట్టె మీద రాసే అంకె, సెన్సర్ ఒక అంగుళంలో ఎన్నిసార్లు చదువుతుందో చెబుతుంది. ఎదురుగా ఉన్న లెన్స్ అంత వివరాన్ని చూపగలదా అన్నది వేరే ప్రశ్న. దాన్ని తేల్చడానికి సన్నటి గీతలున్న యుఎస్ఏఎఫ్ 1951 టార్గెట్ లాంటి వాటిని స్కాన్ చేసి, ఎంత సన్నటి గీతల దాకా విడివిడిగా కనిపిస్తున్నాయో లెక్కిస్తారు. అలా చూస్తే 6400 అని చెప్పుకునే ఎప్సన్ వి600 నిజంగా ఇచ్చేది సుమారు 1500–1600 డిపిఐ. అదే 6400 అంకె ఉన్న వి800, వి850 రకం 2300 దాకా వెళ్తాయి. 7200 అని రాసి ఉండే ప్లస్‌టెక్ 8200ఐ 3000 దాటుతుంది. వి600లో 6400 పెట్టి స్కాన్ చేస్తే ఫైల్ బరువు పెరుగుతుంది, సమయం పెరుగుతుంది, ఫొటోలో కొత్తగా ఒక్క వెంట్రుక కూడా కనిపించదు.

మీకు ఎంత కావాలో లెక్క వేసుకోండి. 35 ఎంఎం ఫ్రేమ్ 36 × 24 మిల్లీమీటర్లు. నిజమైన 2400 డిపిఐ దొరికితే సుమారు 3400 × 2270 పిక్సెళ్లు, అంటే 7.7 మెగాపిక్సెల్. నిజమైన 4000 దొరికితే 21 మెగాపిక్సెల్. ఇంట్లో తీసిన ఫొటోల్లో చాలావాటికి, మామూలు లెన్స్, చేతిలో కాస్త కదిలిన కెమెరా అనుకుంటే, 2400 నుంచి 3000 మధ్యలోనే ఫిల్మ్‌లో ఉన్న వివరం దాదాపు అయిపోతుంది. మీ పెద్ద సైజు నెగటివ్‌లు 120 ఫిల్మ్ (35 ఎంఎం కంటే వెడల్పైన రోల్) అయితే కథ మారుతుంది. 6×6 ఫ్రేమ్ నిజానికి 56 మిల్లీమీటర్ల చదరం, దాన్ని 1600 డిపిఐతో తీసినా 12 మెగాపిక్సెల్ పైనే వస్తుంది. అంటే 120 ఫిల్మ్‌కి ఫ్లాట్‌బెడ్ హాయిగా సరిపోతుంది. 35 ఎంఎంకి మాత్రం ఫిల్మ్ కోసమే చేసిన స్కానర్ గానీ కెమెరా గానీ మేలు.

పాత నికాన్ కూల్‌స్కాన్‌ల గురించి కూడా మీకు ఎవరో ఒకరు చెబుతారు. అవి నిజంగానే మంచివి, 4000 డిపిఐ అంటే దాదాపు అంతా ఇస్తాయి. కానీ తయారీ ఎప్పుడో ఆగిపోయింది, కొన్ని మోడళ్లకి పాత రకం ఫైర్‌వైర్ పోర్ట్ కావాలి. నడిపించడానికి వ్యూస్కాన్ లేదా సిల్వర్‌ఫాస్ట్ లాంటి విడి సాఫ్ట్‌వేర్ ఉంది. రిపేర్ చేసేవాళ్లు అందుబాటులో ఉంటేనే ఆలోచించండి. ఇక చిన్న తెర ఉండి, నెగటివ్ దూర్చి బటన్ నొక్కితే ఫొటో ఇచ్చే డబ్బాల్లాంటివి వస్తున్నాయి కదా, వాటిలో చిన్న కెమెరా ఉంటుంది, జేపెగ్ మాత్రమే ఇస్తాయి. ఏ నెగటివ్‌లో ఏముందో చూసుకోవడానికి తప్ప వాటిని నమ్ముకోకండి. అసలు ఆ చూసుకునే పని ఫోన్‌తోనే అయిపోతుంది. సెట్టింగ్స్‌లో కలర్ ఇన్వర్షన్ ఆన్ చేసి, తెల్లటి వెలుతురు ముందు పెట్టిన స్ట్రిప్ మీదికి ఫోన్ కెమెరా చూపిస్తే బొమ్మ పాజిటివ్‌గా కనిపిస్తుంది. ముందు ఇలా అన్నీ చూసి ఏవి ముఖ్యమో గుర్తు పెట్టుకోండి. వందల ఫ్రేములు ఒకే నాణ్యతతో స్కాన్ చేయాలనుకుని మధ్యలో విసిగి వదిలేసినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఫ్లాట్‌బెడ్ తీసుకుంటే అన్నిటికంటే లాభం ఇచ్చే పని, ఎవరూ చెప్పని పని, హోల్డర్ ఎత్తు సరిచేయడం. చాలా ఫ్లాట్‌బెడ్‌లలో ఫోకస్ స్థిరంగా ఉంటుంది, గాజు మీద కొన్ని మిల్లీమీటర్ల ఎత్తులో. మీ హోల్డర్ ఫిల్మ్‌ని సరిగ్గా ఆ ఎత్తులోనే పట్టుకుంటుందన్న భరోసా లేదు. గ్రెయిన్ (ఫిల్మ్‌లోని సన్నటి రేణువులు) బాగా కనిపించే బ్లాక్ అండ్ వైట్ నెగటివ్ ఒకటి తీసుకోండి. హోల్డర్ పాదాల కింద ఒక విజిటింగ్ కార్డు మందం ముక్క పెట్టి ఒక స్కాన్, రెండు పెట్టి ఒక స్కాన్, ఏమీ పెట్టకుండా ఒక స్కాన్, ఇలా చేసుకుంటూ వెళ్లండి. షార్పెనింగ్ ఆపేసి ఉండాలి. అన్నిటినీ 100 శాతం సైజులో పక్కపక్కన పెట్టి ముఖాలు కాకుండా గ్రెయిన్ చూడండి. ఎక్కడైతే గ్రెయిన్ ఉప్పు రవ్వల్లా విడివిడిగా తేలిందో అదే మీ ఎత్తు. వి800 రకంలో అయితే హోల్డర్‌కే ఎత్తు మార్చే ఏర్పాటు ఉంది. ఈ ఒక్క పరీక్షతో వచ్చే తేడా, ఇంకో ఖరీదైన మోడల్‌కి మారితే వచ్చే తేడాకి తక్కువేమీ కాదు.

మెలితిరిగిన ఫిల్మ్ ఎత్తు సరిచేసినా మధ్యలో పొంగి ఫోకస్ తప్పుతుంది. స్లీవ్‌లో పెట్టి బరువైన పుస్తకాల కింద కొన్ని రోజులు ఉంచితే చాలావరకు చదునవుతుంది. పైన మామూలు గాజు పెట్టి అణచకండి. నునుపైన గాజు ఫిల్మ్‌కి తాకినచోట రంగురంగుల వలయాలు పడతాయి, వాటినే న్యూటన్ రింగ్స్ అంటారు. అణచాల్సిందే అయితే యాంటీ న్యూటన్ గాజు అని అడగండి. ఎమల్షన్ వైపు ఏదో తెలియాలంటే స్ట్రిప్‌ని లైట్ కింద ఏటవాలుగా తిప్పండి. మెరిసేది బేస్, మసకగా ఉండేది ఎమల్షన్. ఫిల్మ్ సాధారణంగా ఎమల్షన్ వైపుకే వంగుతుంది. బేస్ వైపు నుంచి చూసినప్పుడు అంచు మీద అక్షరాలు తిన్నగా చదవగలుగుతాం. స్కాన్‌లో అక్షరాలు తిరగబడి వస్తే ఫొటోలో ఎడమ కుడి మారాయన్నమాట, సాఫ్ట్‌వేర్‌లో తిప్పేయొచ్చు.

మీ దగ్గర మంచి కెమెరా ఉందన్నారు కాబట్టి 35 ఎంఎంకి నేనైతే ఆ దారే చెబుతాను. 1:1 వచ్చే, అంటే ఫిల్మ్ ఫ్రేమ్ అసలు సైజులోనే సెన్సర్ మీద పడేలా చేసే మాక్రో లెన్స్ కావాలి. 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ (సెన్సర్ 35 ఎంఎం ఫ్రేమ్ అంత ఉండే) కెమెరాలో ఫ్రేమ్ అంతా నింపి తీస్తే అడ్డంగా 6000 పిక్సెళ్లు, అంటే 4200 డిపిఐ పైమాటే. స్కానర్‌లో ఒక్కో ఫ్రేమ్‌కి నిమిషాలు పడితే ఇక్కడ సెకన్లలో అయిపోతుంది. ఖర్చంతా లెన్స్, స్టాండ్, లైట్, ఫిల్మ్ హోల్డర్ మీద. లైట్‌గా ఎల్ఈడీ ప్యానెల్ వాడితే సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 95 కంటే తక్కువది తీసుకోకండి. రంగులు తర్వాత ఎంత దిద్దినా కుదరకపోవడానికి చవక లైట్ ఒక పెద్ద కారణం. ఫిల్మ్‌ని ప్యానెల్‌కి ఆనించకుండా కొన్ని సెంటీమీటర్ల ఎత్తులో ఉంచండి, అప్పుడు ప్యానెల్ మీది దుమ్ము, గరుకు ఫోకస్‌లోకి రావు. ఫ్రేమ్ చుట్టూ మిగిలిన వెలుతురుని నల్ల అట్టతో మూసేయండి, గదిలో దీపాలు ఆపేయండి.

కెమెరా, ఫిల్మ్ సమాంతరంగా ఉన్నాయో లేదో కంటితో చెప్పలేం. ఫిల్మ్ ఉండే చోట చిన్న అద్దం పెట్టి లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెరలో చూడండి. లెన్స్ తన ప్రతిబింబాన్ని తాను చూస్తుంది. ఆ నల్లటి గుండ్రం సరిగ్గా తెర మధ్యలో ఉంటే కెమెరా తిన్నగా ఉన్నట్టు, పక్కకి జరిగితే ఆ వైపు వంగినట్టు. ఇది కుదిరాక ఎఫ్/8, ఐఎస్ఓ 100, రా ఫార్మాట్ (సెన్సర్ చదివినదాన్ని మార్చకుండా ఉంచే ఫైల్), రెండు సెకన్ల టైమర్. మాన్యువల్ ఎక్స్‌పోజర్ పెట్టి, ఫ్రేముల మధ్య ఉండే ఖాళీ నారింజ భాగం తెల్లగా మాడిపోకుండా, దానికి కాస్త కిందే ఉండేలా చూసుకుని, ఆ రోల్ అంతా అదే సెట్టింగ్‌తో తీయండి.

స్కానర్‌లో అయినా సూత్రం ఇదే. 48 బిట్ కలర్, బ్లాక్ అండ్ వైట్‌కి 16 బిట్ గ్రే, టిఫ్ ఫైల్ (నాణ్యత తగ్గించకుండా దాచే రకం). ఆటో ఎక్స్‌పోజర్, ఆటో కలర్, అన్‌షార్ప్ మాస్క్ (షార్పెనింగ్) అన్నీ ఆఫ్. ఫ్రేమ్ అంచు కనిపించేలా కాస్త వెడల్పుగా క్రాప్ చేయండి, ఆ ఖాళీ అంచు తర్వాత రంగులకి అక్కరకొస్తుంది. 48 బిట్ ఎందుకంటే, నెగటివ్‌లో టోన్లు చాలా ఇరుకుగా సర్దుకుని ఉంటాయి, పాజిటివ్ చేసేటప్పుడు వాటిని సాగదీస్తాం. 8 బిట్‌లో ఒక్కో రంగుకి ఉన్నవి 256 మెట్లే. అందులో మూడో వంతు మాత్రమే నెగటివ్ వాడుకుందనుకోండి, సాగదీశాక ఆకాశంలో పట్టీలు పట్టీలుగా చారలు కనిపిస్తాయి. 2400 డిపిఐతో ఒక 35 ఎంఎం ఫ్రేమ్ ఇలా సుమారు 46 ఎంబీ అవుతుంది. ఆ చోటుకి వెనకాడకండి.

దుమ్ముకి డిజిటల్ ఐస్ అనే సదుపాయం కొన్ని స్కానర్లలో ఉంటుంది. ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుతో ఇంకోసారి చదువుతుంది. కలర్ ఫిల్మ్‌లో బొమ్మ అంతా డైలతో, అంటే రంగు పదార్థాలతో తయారవుతుంది, వాటిలోంచి ఇన్‌ఫ్రారెడ్ దాదాపు అడ్డు లేకుండా వెళ్లిపోతుంది. దుమ్ము, గీతలు మాత్రం అడ్డుపడతాయి. అలా అవి ఎక్కడున్నాయో తెలుసుకుని పూడుస్తుంది. కలర్ నెగటివ్‌లకి తప్పకుండా వాడండి. మీ బ్లాక్ అండ్ వైట్ వాటికి మాత్రం ఆపేయాలి. అందులో బొమ్మ వెండి రేణువులతో ఉంటుంది, వెండి ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపుతుంది. స్కానర్ బొమ్మనే దుమ్ము అనుకుని చెరిపేస్తుంది. ఇల్‌ఫర్డ్ ఎక్స్‌పీ2 లాంటి, కలర్ పద్ధతిలో డెవలప్ చేసే బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములు మాత్రం దీనికి మినహాయింపు.

ముఖాలు నీలంగా ఎందుకొచ్చాయో ఇప్పుడు చెబుతాను. కలర్ నెగటివ్‌లో ఏమీ పడని ఖాళీ చోటు కూడా నారింజ రంగులో ఉంటుంది. అది మరక కాదు. ఫిల్మ్‌లోని డైలు తమ పని కాని రంగుల్ని కూడా కొంత పీల్చుకుంటాయి, ఆ లోపాన్ని సరిదిద్దడానికి కంపెనీలు కావాలనే పెట్టిన మాస్క్ అది. దాన్ని తీసేయకుండా నేరుగా ఇన్వర్ట్ చేస్తే నారింజ కాస్తా నీలం అవుతుంది. సరైన వరస ఏంటంటే, ముందు ఫ్రేముల మధ్య ఖాళీ చోటు రంగుని కొలవాలి, దాన్ని ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్లలో విడివిడిగా తీసేయాలి, ఆ తర్వాత ఇన్వర్ట్ చేసి, మూడు చానెళ్లకీ బ్లాక్, వైట్ పాయింట్లు విడివిడిగా పెట్టాలి. ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్‌లో నెగాడాక్టర్ అనే మాడ్యూల్ సరిగ్గా ఈ వరసలోనే నడుస్తుంది. లైట్‌రూమ్ వాడేవాళ్లకి నెగటివ్ ల్యాబ్ ప్రో ఉంది. వ్యూస్కాన్‌లో ఫిల్మ్ బేస్ రంగుని ఒకసారి కొలిచి లాక్ చేసుకోవచ్చు. ఒక రోల్‌కి ఒకే కొలత వాడండి. ప్రతి ఫ్రేమ్‌కీ ఆటో వదిలేస్తే పచ్చటి తోటలో తీసిన ఫొటోలో ఆకుపచ్చ ఎక్కువైందని సాఫ్ట్‌వేర్ అనుకుని ముఖాల్ని వంగపండు రంగుకి నెట్టేస్తుంది.

అన్నీ సరిగా చేసినా కొన్ని పాత ఫొటోల్లో నీడలు ఒక రంగుకి, వెలుతురు భాగాలు ఇంకో రంగుకి వాలి ఉంటాయి. మూడు డైలూ ఒకే వేగంతో వెలిసిపోకపోవడం వల్ల అలా అవుతుంది. వైట్ బ్యాలెన్స్ స్లైడర్ ఒక్కటి జరిపితే ఒకచోట బాగుపడి ఇంకోచోట చెడుతుంది. కర్వ్స్ అనే టూల్‌లో ఒక్కో చానెల్ తీసుకుని, నీడల దగ్గర ఒక పాయింట్, వెలుతురు దగ్గర ఒక పాయింట్ పెట్టి వేర్వేరుగా జరపాలి. తెల్ల చొక్కా, జుట్టు, సిమెంటు గోడ లాంటివి ఫొటోలో ఉంటే వాటిని ఆధారం చేసుకోండి. చర్మం రంగుని అన్నిటికంటే చివర చూడండి.

పేర్లు పెట్టేటప్పుడు రోల్ నంబర్, ఫిల్మ్ అంచు మీదున్న ఫ్రేమ్ నంబర్ రెండూ ఫైల్ పేరులో ఉంచండి, 'రోల్07_12ఏ' అన్నట్టు. అదే రోల్ నంబర్ స్లీవ్ మీద కూడా రాయండి. మళ్లీ ఎప్పుడైనా ఆ నెగటివ్ కావాలంటే వెతుక్కోనక్కర్లేదు. ఫైల్‌లో తేదీగా స్కాన్ చేసిన రోజు పడుతుంది కాబట్టి ఫొటో తీసిన సంవత్సరం, ఊరు, మనుషుల పేర్లు ఐపీటీసీ డిస్క్రిప్షన్‌లో (ఫైల్‌లోనే ఉండే వివరాల గడి) రాసి పెట్టండి. ఈ పని స్కానింగ్ అంతా అయ్యేదాకా ఆపకండి. ఒక రోల్ కాగానే ఆ ఫొటోలు ఇంట్లో పెద్దవాళ్లకి చూపించి అడగండి. నెగటివ్ ఇంకో ఇరవై ఏళ్లు ఉండొచ్చు, ఆ మూల నిలబడ్డ మనిషి ఎవరో చెప్పగలిగేవాళ్లు అప్పటికి మిగలకపోవచ్చు. ఎవరికీ పేర్లు తెలియని గ్రూప్ ఫొటో ఎంత షార్ప్‌గా ఉంటే ఏం లాభం? టిఫ్‌లు, రా ఫైళ్లు మూడు కాపీలు ఉంచండి, రెండు వేర్వేరు రకాల నిల్వల్లో, ఒకటి ఇంటి బయట. బంధువులకి పంపేవి ఎలాగూ జేపెగ్‌లే కదా, అసలు ఫైల్‌ని మాత్రం ఎప్పుడూ తాకకండి.

ఇక నెగటివ్‌లు పారేయొచ్చా అన్నదానికి, వద్దు. ఈరోజు మీ స్కాన్‌లో రానిది రేపటి పరికరంలో రావచ్చు, హార్డ్‌డిస్క్ పోతే మళ్లీ తీసుకోవడానికి అసలు ఉండాలి. పీవీసీ కవర్లలోంచి తీసేయండి, అది కాలక్రమంలో ఫిల్మ్‌ని పాడుచేస్తుంది. పాలిప్రొపిలీన్ లేదా పాలిస్టర్ స్లీవ్‌లు, ఫొటోగ్రాఫిక్ యాక్టివిటీ టెస్ట్ (కవర్ ఫొటోకి హాని చేయదని చూసే పరీక్ష) పాసయ్యాయని రాసి ఉన్నవి తీసుకోండి. గాలిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండే చల్లటి అల్మరా మంచిది. అటక, వంటింటి పక్క గోడ, బాత్‌రూమ్ దగ్గర వద్దు. వెనిగర్ వాసన వచ్చినవాటిని మాత్రం వీటితో కలపకుండా, గాలి చొరబడని డబ్బాలో బిగించకుండా, కాగితం కవర్లలో పెట్టి వేరే గదిలో ఉంచండి.